ఐస్ ఫ్యాక్టరీలకు ఎనర్జీ ఆడిట్: ఈసారైనా రిపోర్టు బీరువా దాటుతుందా?

ఉప్పుటేరు (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర ఐస్ ఫ్యాక్టరీ. నాన్నగారు పెట్టారు, పన్నెండేళ్లుగా నేను నడుపుతున్నాను. రోజుకు 20 టన్నుల ఐసు దిమ్మలు తీయగలం. రొయ్యల పట్టుబడి ఉన్న రోజుల్లో ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది, లేని రోజుల్లో సగం కూడా ఉండదు.

మా సంఘంలో 22 ఫ్యాక్టరీలున్నాయి. మొన్నటి సమావేశంలో కరెంటు బిల్లు తప్ప వేరే మాట రాలేదు. అందరికీ కలిపి ఎనర్జీ ఆడిట్ (కరెంటు ఎక్కడ ఎంత పోతోందో, ఎక్కడ తగ్గించవచ్చో బయటివాళ్లతో కొలిపించడం) కార్యక్రమం పెడదామని తీర్మానించి, కార్యదర్శినని ఆ బరువు నా నెత్తిన పెట్టారు.

నా భయం ఏమిటంటే, ఆరేళ్ల కిందట ఒక సంస్థను పిలిచి మా ఒక్క ఫ్యాక్టరీకి ఆడిట్ చేయించాను. ఇద్దరు కుర్రాళ్లు పొద్దున వచ్చారు, మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనం చేశారు, సాయంత్రం బండి ఎక్కారు. నెల తర్వాత 94 పేజీల రిపోర్టు వచ్చింది. మొదటి 30 పేజీలు దేశంలో బొగ్గు నిల్వల గురించి. చివర్లో కంప్రెసర్ మార్చండి, మోటార్లు మార్చండి, ఎల్‌ఈడీ దీపాలు పెట్టండి అని మూడు సలహాలు. దీపాలు మార్చాను. రిపోర్టు బీరువాలో పెట్టాను. బిల్లు ఎక్కడుందో అక్కడే ఉంది.

ఇప్పుడు అదే పని 22 చోట్ల చేయిస్తే 22 బీరువాలు నిండుతాయి, అంతే. ఆడిటర్‌ను ఎలా ఎంచుకోవాలి, ఏం కొలవమనాలి, డబ్బు ఎవరు ఎప్పుడు ఇవ్వాలి? అనుభవం ఉన్నవారు చెప్పండి.

అమ్మోనియా తాత

బాబూ, ఒక్క ప్రశ్న. టన్ను ఐసుకు ఎన్ని యూనిట్లు కాలుతోంది?

ఉప్పుటేరు

నెల బిల్లు నోటికి వచ్చు తాతగారూ. టన్నుకు ఎంతో ఎప్పుడూ లెక్క వేయలేదు. మేం దిమ్మల్లో రాస్తాం. విరిగినవి, ఊరివాళ్లు పెళ్లికని పట్టుకెళ్లినవి రాయం.

అమ్మోనియా తాత

అయితే ఆడిటర్‌ను తర్వాత పిలుద్దువుగాని. ముందు పుస్తకం పెట్టు. రోజూ ఉదయం ఆరు గంటలకు మీటరు అంకె, తీసిన దిమ్మలు, విరిగిన దిమ్మలు, బ్రైన్ (ఐసు డబ్బాలు మునిగే చల్లటి ఉప్పునీరు) ఉష్ణోగ్రత, హెడ్ ప్రెషరు (కంప్రెసర్ దాటాక ఉండే ఒత్తిడి). ఐదే అంకెలు. జ్వరం ఎంతో చూడకుండా వైద్యుణ్ణి మార్చుకుంటూ పోతే ఏం లాభం?

క్లాంప్ మీటరు

నేను బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ) పరీక్ష రాసి అర్హత పొందిన ఎనర్జీ ఆడిటర్‌ను. ఆ 94 పేజీల రిపోర్టు నాది కాదు. అయితే అలాంటివి నేనూ రాశాను, దాచడం ఎందుకు. ఎందుకు రాయవలసి వచ్చిందో చెబితే మీ కార్యక్రమానికి పనికొస్తుంది.

యజమాని నాలుగు కొటేషన్లు తెప్పిస్తాడు. అన్నిటికంటే తక్కువ చెప్పినవాడికి పని ఇస్తాడు. ఆ డబ్బుకు ఒక్క రోజు కంటే ఎక్కువ ఉంటే ఆడిటర్‌కు చేతి సొమ్ము పోతుంది. ఒక్క రోజులో లోడు మారడం కనిపించదు. కాబట్టి మోటారు నేమ్ ప్లేటు మీది అంకె రాసుకుంటాడు. ప్లేటు మీద 37 కిలోవాట్లు అని ఉంటుంది, క్లాంప్ మీటరు (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెట్టి చూస్తే అది 14 లాగుతూ ఉండవచ్చు. ప్లేటు చూసి రాసిన రిపోర్టులో ఆదా కాగితం మీదే మిగులుతుంది. తక్కిన పేజీలు బరువు కోసం. బరువు లేకపోతే యజమాని 'ఇంతేనా' అంటాడు మరి.

నన్ను పిలిస్తే ఒప్పందంలో ఇవి రాయించుకోండి. ప్రతి ఫ్యాక్టరీలో కనీసం మూడు రోజులు, అందులో ఒకటి నిండు లోడు రోజు, ఒకటి ఖాళీ రోజు. కంప్రెసర్, నీటి పంపులు, ఆజిటేటర్ (బ్రైన్‌ను కలియతిప్పేది), మూడింటికీ విడివిడిగా లాగర్ (కొలతలు తనంతట రాసుకునే పరికరం) పెట్టి రాత్రంతా కొలవాలి. ప్రతి సలహా పక్కన ముందు కొలత, ఖర్చుకు నిజమైన కొటేషన్, ఆ పని ఎవరు చేస్తారో పేరు ఉండాలి. రిపోర్టు 15 పేజీలు దాటితే సంతకం పెట్టకండి. బొగ్గు నిల్వల సంగతి నాకూ మీకూ అక్కర్లేదు.

ఇంకొకటి. రూపాయి ఖర్చు లేని పని ముందు చూడండి. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ అయితే మీ రికార్డు డిమాండు (నెలలో లాగిన గరిష్ఠ లోడు) ఎంత తక్కువ ఉన్నా ఒప్పంద డిమాండులో (ముందే రాయించుకున్న లోడు) 80 శాతానికి డబ్బు కడతారు. 150 కేవీఏ తీసుకుని ఏడాది పొడవునా 90 దాటకపోతే, 120కి కడుతున్నట్టే. ఏడాది బిల్లులు పక్కపక్కన పెట్టుకుంటే అరగంటలో తెలిసిపోతుంది. బిల్లు కేవీఏహెచ్‌లో, అంటే మోటార్లు పనికి వాడకుండా ఊరికే లాగే కరెంటునూ కలిపే కొలతలో వస్తుంది కాబట్టి, ఆ ఊరికే లాగుడును తగ్గించే కెపాసిటర్లు చచ్చిపోయాయేమో కూడా ఆ కాగితంలోనే కనిపిస్తుంది. దీనికి ఆడిటర్ కూడా అక్కర్లేదు.

అడ్డుపుల్ల

ఆడిటర్ గారు నిజాయితీగా చెప్పారు, సంతోషం. కానీ అసలు చిక్కు ఫీజు తక్కువ కావడం కాదు. ఎవరిని పరీక్షించాలో వాళ్లే ఆడిటర్‌ను ఎంచుకుని, వాళ్లే డబ్బు ఇస్తారు. అక్కడ ఉంది తంటా.

దీనికి మన దేశంలోనే గట్టి పరీక్ష జరిగింది, అయితే అది ఎనర్జీ ఆడిట్ కాదు, కాలుష్య ఆడిట్. గుజరాత్‌లో 2009 నుంచి 2011 వరకు ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలస్ ర్యాన్ అనే ఆర్థికవేత్తలు అక్కడి కాలుష్య నియంత్రణ మండలితో కలిసి 473 పరిశ్రమల్లో చేశారు. సగం పరిశ్రమల్లో పాత పద్ధతే. మిగతా సగంలో ఆడిటర్‌ను లాటరీ తీసి కేటాయించారు, ఫీజు ఒక ఉమ్మడి నిధి నుంచి ఒకే రేటున ఇచ్చారు, కొన్ని చోట్ల వెనుకనే మరొకరిని పంపి మళ్లీ కొలిపించారు. పాత పద్ధతిలో రీడింగులన్నీ ప్రమాణానికి సరిగ్గా కాస్త కిందనే, వరుసలో నిలబెట్టినట్టు వచ్చాయి. కొత్త పద్ధతిలో ఆడిటర్లు తప్పుగా 'అంతా బాగుంది' అని రాయడం 80 శాతం తగ్గింది. ఆపైన ఫ్యాక్టరీలు కాలుష్యం కూడా తగ్గించాయి. 2015లో గుజరాత్ ఆ నిబంధనలనే మార్చింది.

మీ సంఘం చేయవలసింది ఇదే. 22 మంది డబ్బు ఒక కుండలో పోయండి. ఎవరి ఫ్యాక్టరీకి ఏ ఆడిటర్ వెళ్లాలో చీటీలు తీయండి.

చేపలబుట్ట

నేనూ ఐస్ ఫ్యాక్టరీ వాడినే, వేరే సంఘం. అడ్డుపుల్ల గారూ, కాలుష్యంలో యజమానికి అబద్ధం లాభం. కరెంటులో యజమానికి అబద్ధం వల్ల ఏం వస్తుంది? తన జేబుకే చిల్లు కదా. రెండూ ఒకే గాటన కట్టకండి.

అడ్డుపుల్ల

బాగా పట్టుకున్నారు, ఒప్పుకుంటున్నాను. ఇక్కడ అబద్ధం యజమాని వైపు నుంచి రాదు, అమ్మేవాడి వైపు నుంచి వస్తుంది. కంప్రెసర్ డీలరు 'ఉచిత ఆడిట్' చేస్తానని వస్తే అతని రిపోర్టులో ఏముంటుందో చదవకుండానే చెప్పవచ్చు. మంగలిని అడిగితే జుట్టు పెరిగిందనే అంటాడు. అందుకే ఆడిటర్ ఏ పరికరమూ అమ్మకూడదు, కమీషన్ తీసుకోకూడదు. చీటీ, ఉమ్మడి నిధి, అప్పుడప్పుడు రెండో కొలత, ఈ మూడింటి పని ఇక్కడా అదే.

లెక్కల మాస్టారు

ఎవరూ అడగకపోయినా నేను చెబుతాను, అలవాటు. ఐసు చేయడానికి ఎంత కరెంటు *కావాలి*? ఇది తెలియకపోతే టన్నుకు 80 యూనిట్లు ఎక్కువో తక్కువో ఎలా తేలుతుంది?

కిలో నీరు 30 డిగ్రీల నుంచి సున్నాకు రావాలంటే సుమారు 126 కిలోజౌళ్లు తీయాలి. గడ్డ కట్టడానికి 334. గడ్డను మైనస్ 8కి చల్లబరచడానికి 17. మొత్తం 477, అంటే టన్నుకు దాదాపు 132 యూనిట్ల వేడిని బయటికి తోయాలి. తోయడానికి పట్టే కరెంటు అంత కాదు. చల్లదనానికి వాడే అమ్మోనియా మైనస్ 15 దగ్గర మరిగి, 40 డిగ్రీల దగ్గర ద్రవంగా మారే చోట, ఒక మాదిరి కంప్రెసర్ ఒక యూనిట్ తిని మూడు యూనిట్ల వేడిని మోస్తుంది. 132ను మూడుతో భాగిస్తే 44. బ్రైన్ తొట్టి గోడల నుంచి చొరబడే వేడి, ఆజిటేటర్, నీటి పంపులు కలుపుకుంటే 55, 60 దగ్గర తేలాలి.

ఇప్పుడు మీ పుస్తకంలో 80 వచ్చిందనుకోండి. తేడా 20. రోజుకు 20 టన్నులు, ఏడాదికి 300 రోజులు నడిస్తే 6,000 టన్నులు, 1,20,000 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 9,60,000 రూపాయలు. ఆడిట్ ఫీజు గురించి బేరమాడేముందు ఈ అంకెను గోడ మీద రాసి పెట్టుకోండి.

అమ్మోనియా తాత

మాస్టారి లెక్క నిజమే. ఆ 20 యూనిట్లు ఎక్కడికి పోతాయో నేను చెబుతాను, 38 ఏళ్లు ఆ వాసనలోనే బతికాను.

మొదటి దొంగ కండెన్సర్, అంటే అమ్మోనియా వేడి వదిలి ద్రవంగా మారే గొట్టాలు. ఉప్పునీటి చవుడు గొట్టాల మీద పేరుకుంటుంది. పైకి తెల్లగా ముగ్గు పోసినట్టు అందంగా ఉంటుంది, లోపల వేడి బయటికి పోదు. హెడ్ ప్రెషరు పెరుగుతుంది, కంప్రెసర్ రొప్పుతుంది.

రెండో దొంగ గాలి. రిపేరుకు విప్పినప్పుడు సిస్టంలోకి గాలి దూరుతుంది. అది గడ్డకట్టదు, ద్రవంగా మారదు, కండెన్సర్‌లో కూర్చుని చోటు ఆక్రమిస్తుంది. పట్టుకోవడం తేలిక. కంప్రెసర్ ఆపి, నీరు అలాగే పారనిచ్చి, అంతా ఒక్క ఉష్ణోగ్రతకు వచ్చాక చూడండి. 35 డిగ్రీల్లో ఉంటే ఒత్తిడి చూపే గేజీ చదరపు అంగుళానికి 180 పౌండ్ల దగ్గర ఉండాలి. 210 చూపిస్తే ఆ పైన 30 పౌండ్లూ గాలివే. అది 40 డిగ్రీల దగ్గర అమ్మోనియాకు ఉండే ఒత్తిడితో సమానం. అంటే మీ కంప్రెసర్ ఐదు డిగ్రీల బరువు ఊరికే మోస్తోంది, కరెంటులో పదో వంతు పైగానే పోతుంది. కానీ గాలి తీసే పని తెలిసినవాడే చేయాలి, ముఖానికి మాస్కు పెట్టుకుని, నీళ్లలోకి వదలాలి. ఆదా కోసం మనిషి పోకూడదు.

మూడో దొంగ పలచబడ్డ బ్రైన్. డబ్బాలు ఎత్తినప్పుడల్లా కాస్త ఉప్పునీరు పోతుంది, వాననీరు, మంచినీరు చేరతాయి. సాంద్రత తగ్గితే కాయిల్ (తొట్టిలోని అమ్మోనియా గొట్టాల చుట్ట) చుట్టూ అది గడ్డకడుతుంది. కాయిల్‌కు కంబళి కప్పినట్టు. చల్లదనం రావడానికి అమ్మోనియాను ఇంకా కిందికి దించాలి. అటువైపు ప్రతి డిగ్రీకి మూడు శాతం దాకా కరెంటు. సాంద్రత చూసే హైడ్రోమీటరు ఖరీదు పెద్దగా ఉండదు, అయినా మా కాలంలో సగం ఫ్యాక్టరీల్లో అది పగిలి మూల పడి ఉండేది.

ఇంకా చెక్క మూతలు. తొట్టి మీద పదింట మూడు మూతలు విరిగి ఉంటాయి. పైన నడిచేవాళ్లు కాలు జారకుండా చూసుకుంటారు గానీ చల్లదనం జారిపోవడం ఎవరికీ పట్టదు.

ఆ 94 పేజీల్లో వీటిలో ఒక్కటైనా ఉందా బాబూ?

ఉప్పుటేరు

ఇప్పుడే బీరువా తెరిచి చూశాను. 'బ్రైన్ సాంద్రత పర్యవేక్షించవలెను' అని ఒక్క వాక్యం ఉంది, 71వ పేజీలో. ఎంత ఉండాలో లేదు, ఎంత ఉందో లేదు.

రాత్రి షిఫ్టు

నేను వేరే ఊళ్లో ఐస్ ఫ్యాక్టరీలో ఆపరేటర్‌ను. మా దగ్గరికి ఆడిటర్లు వచ్చినప్పుడు నన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. మేనేజరు గారి గదిలో కూర్చుని డ్రాయింగులు చూశారు. ఆ డ్రాయింగులు పాతవి, రెండో కండెన్సర్ అందులో లేదు.

తెల్లవారు జామున మూడు గంటలకు లోడు లేకపోయినా రెండో కంప్రెసర్ ఎందుకు ఆపమో అడిగితే చెప్పేవాణ్ణి. ఆపితే మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఫ్యూజు పోతుంది. ఫ్యూజు పోతే మేనేజరు నన్ను తిడతాడు. కరెంటు ఎక్కువ కాలితే ఎవరూ తిట్టరు. స్టార్టరు సరిచేస్తే నేనే ఆపుతాను.

క్లాంప్ మీటరు

రాత్రి షిఫ్టు గారు రాసిన ఆ నాలుగు వాక్యాలు నా రిపోర్టులన్నిటికంటే ఎక్కువ చెప్పాయి. ఇకపై మొదటి రోజు రాత్రి నేను ఆపరేటర్‌తోనే ఉంటాను.

హాంబర్గ్ వాన

జర్మనీలో ఒక ఆహార పరిశ్రమలో ఎనర్జీ మేనేజర్‌గా ఉన్నాను, సొంత ఊరు పాలకొల్లు. ఇక్కడి కథ వింటే మీకు కాస్త ఊరట.

యూరోపియన్ యూనియన్ 2012లో ఒక ఆదేశం తెచ్చింది. చిన్న, మధ్య తరహా కంటే పెద్ద సంస్థలన్నీ 2015 డిసెంబరు 5 లోగా ఆడిట్ చేయించాలి, తర్వాత నాలుగేళ్లకోసారి. ఏమైంది? వెయ్యి మంది ఉద్యోగులున్న ఆఫీసు కూడా ఆడిట్ చేయించింది, అక్కడ కాలేది లైట్లూ కాఫీ యంత్రాలూ. బోలెడు కరెంటు తాగే చిన్న ఫౌండ్రీకి (లోహం కరిగించి పోతపోసే ఫ్యాక్టరీకి) మాత్రం అవసరం రాలేదు, మనుషులు తక్కువ కాబట్టి. 2023లో ఆ ఆదేశాన్ని తిరగరాసి కొలమానం మార్చారు. ఇప్పుడు లెక్క మనుషులది కాదు, ఇంధనానిది. ఏడాదికి 10 టెరాజౌళ్లు, అంటే సుమారు 27.8 లక్షల యూనిట్లు దాటితే ఆడిట్. 85 టెరాజౌళ్లు దాటితే ఏకంగా ఎనర్జీ మేనేజ్‌మెంట్ వ్యవస్థ పెట్టుకోవాలి. సలహాల్లో ఎన్ని అమలయ్యాయో వార్షిక నివేదికలో ప్రకటించాలి కూడా. నాకు ఈ చివరిదే అన్నిటికంటే నచ్చింది, ఎందుకంటే అమలు చేయలేదని రాయడానికి మా డైరెక్టర్లు సిగ్గుపడతారు.

అమెరికాది వేరే దారి. 1976 నుంచి అక్కడి విశ్వవిద్యాలయాల ఇంజనీరింగ్ విద్యార్థులు, ప్రొఫెసరు ఒకరితో కలిసి, చిన్న, మధ్య తరహా ఫ్యాక్టరీలకు ప్రభుత్వ ఖర్చుతో ఆడిట్ చేస్తున్నారు. సలహాలన్నీ ఒక బహిరంగ పట్టికలో ఉంటాయి. ఆ పట్టికను పరిశీలించినవాళ్లు చూసింది ఏమిటంటే, చెప్పినవాటిలో సుమారు సగం అమలవుతున్నాయి. పెట్టుబడి ఏడాది, రెండేళ్లలో తిరిగి రాకపోతే యజమానులు ముట్టుకోరు. ఉచితంగా ఇచ్చినా, మంచి ఇంజనీర్లు చెప్పినా సగమే. కాబట్టి ఉప్పుటేరు అన్నా, ముందే సగం అనుకుని కార్యక్రమం గీసుకోండి.

భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. పిల్లలను కలుపుకోకూడదా?

చేపలబుట్ట

పిల్లలు వస్తే సంతోషమే గానీ అమ్మోనియా దగ్గరికి ఎవరు పంపుతారు? మీటరు పుస్తకాలు చూడటానికి, లెక్కలు గీయడానికి అయితే సరే.

నా అసలు సందేహం వేరు. నా టన్ను లెక్క పక్క ఫ్యాక్టరీవాడికి తెలిస్తే నా ఐసు ఖర్చు తెలిసిపోయినట్టే. రేపు రొయ్యల కంపెనీవాడు దాన్ని చూపించి నా రేటు కోస్తాడు. 22 మందిలో ఎంతమంది నిజం అంకెలు ఇస్తారు?

ఉప్పుటేరు

ఇదే మాట మా సమావేశంలో ముగ్గురు అన్నారు. పేర్లు లేకుండా అంకెల గుర్తులు ఇద్దామనుకుంటున్నాను. ఆడిటర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. గోడ మీద 1 నుంచి 22 వరకు టన్నుకు యూనిట్లు వరుసగా రాస్తాం, తన గుర్తు ఏదో ఎవరికి వారికే తెలుస్తుంది. ఆఖరున ఉన్నవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు.

లెక్కల మాస్టారు

వరుస పెట్టేముందు ఒక జాగ్రత్త. ఒకడు నెలంతా నిండుగా నడిపి, ఇంకొకడు పావు లోడులో నడిపితే టన్నుకు యూనిట్లు ఒకేలా ఉండవు. తొట్టి గోడల నుంచి వచ్చే వేడి లోడు ఎంతైనా ఒకటే కదా, టన్నులు తగ్గితే ఆ భారం ఒక్కో టన్ను మీద పెరుగుతుంది. మే నెలకూ డిసెంబరుకూ పోలిక అసలే వద్దు. నిరుటి మేతో ఈ మే, అదే లోడు శాతంలో. లేకపోతే ఆడిటర్ చలికాలంలో కొలిచి, 'చూశారా, 12 శాతం ఆదా' అంటాడు, అది ఆకాశం చేసిన ఆదా.

అడ్డుపుల్ల

దీని మీదే ఇంకో మాట. ప్రభుత్వ కార్యక్రమాల్లో నాకు కాస్త నచ్చింది బీఈఈ వారి పీఏటీ (పర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్) పథకం. 2001 ఇంధన పొదుపు చట్టం ప్రకారం పెద్ద వినియోగదారులు ఆడిట్ చేయించక తప్పదు. అక్కడితో ఆగి ఉంటే అదీ బీరువా కథే. 2012లో పీఏటీ మొదటి విడతలో 478 పరిశ్రమలకు 'మీ టన్ను ఉత్పత్తికి ఇంధనం ఇంత తగ్గించాలి' అని లక్ష్యం ఇచ్చారు. ఆడిట్ చేశారా అని కాదు, అంకె తగ్గిందా అని అడిగారు. అనుకున్నది 66.86 లక్షల టన్నుల చమురుకు సమానమైన ఆదా, వచ్చింది 86.7 లక్షలు. మించిపోయింది కాబట్టి లక్ష్యాలు మరీ సులువుగా పెట్టారని తిట్టేవాళ్లున్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ణి. లక్ష్యం మించినవాళ్లు అమ్ముకునే, అందుకోలేనివాళ్లు కొనే ఆదా సర్టిఫికెట్లు ఉండేవి; కొనేవాళ్ల కంటే అమ్మేవాళ్లు ఎక్కువై వాటి ధర పడిపోయింది కూడా. అయినా అడిగిన ప్రశ్న సరైనది.

మీ ఐస్ ఫ్యాక్టరీలు ఆ చట్టపు గడపకు ఎంతో కిందున్నాయి. మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టరు. అంటే మీ కార్యక్రమంలో ఆ ప్రశ్న మీరే అడుక్కోవాలి.

క్లాంప్ మీటరు

అన్నట్టు, బీఈఈ చిన్న పరిశ్రమల కార్యక్రమంలో దేశమంతటా ఎంచుకున్న క్లస్టర్లలో (ఒకే రకం ఫ్యాక్టరీలు గుంపుగా ఉన్న చోట్లు) భీమవరం ఐస్ ఫ్యాక్టరీలు కూడా ఉన్నాయి. వరంగల్ రైస్ మిల్లులు, గోదావరి జిల్లాల రిఫ్రాక్టరీలూ (కొలిమి ఇటుకల ఫ్యాక్టరీలు) అందులోవే. అప్పటి క్లస్టర్ మాన్యువల్ ఉంది, డీపీఆర్‌లు (వివరమైన ప్రాజెక్టు నివేదికలు) ఉన్నాయి. సున్నా నుంచి మొదలుపెట్టకండి. రాష్ట్రంలో ఈ పని చూసే ఏపీఎస్‌ఈసీఎంను (రాష్ట్ర ఇంధన పొదుపు మిషన్) అడగండి.

బాకీ పుస్తకం

బ్యాంకులో చిన్న పరిశ్రమల రుణాలు చూస్తాను. ఆడిట్ రిపోర్టు పట్టుకుని వచ్చే యజమానుల్లో పదిమందిలో తొమ్మిదిమందికి మేం రుణం ఇవ్వలేకపోవడానికి కారణం వాళ్ల ఆర్థిక స్థితి కాదు, ఆ రిపోర్టే. 'సుమారు 15 నుంచి 25 శాతం ఆదా' అని ఉంటుంది. సుమారు అనే మాటకు నేను రుణం ఎలా ఇవ్వగలను? నాకు కావలసింది: ఇప్పుడు కొలిచిన అంకె, పరికరం మోడలు, ఇద్దరి కొటేషన్లు, ఏడాదికి మిగిలే రూపాయలు, ఆదా అనుకున్నదానిలో మూడో వంతు రాకపోయినా కిస్తీ కట్టగలరా అనే లెక్క. ఇవి రెండు పేజీల్లో పడతాయి.

2025 జూలైలో పానిపట్‌లో కేంద్రం ప్రారంభించిన అడీటీ పథకం చూడండి, చిన్న పరిశ్రమలు కరెంటు ఆదా చేసే పరికరాలు పెట్టుకోవడానికి. 1,000 కోట్ల రూపాయలు. సూక్ష్మ, చిన్న సంస్థలకు వడ్డీ రేటులో 5 శాతం పాయింట్లు, మధ్య తరహాకు 3 శాతం పాయింట్లు రాయితీ. రుణానికి పనికొచ్చే స్థాయి ఆడిట్‌కూ సాయం ఉంది. కనీసం 10 శాతం ఆదా కొలిచి చూపించాలి. 14 రంగాల్లో మత్స్య రంగం ఉంది. మీ ఐస్ ఫ్యాక్టరీ ఆ గొడుగు కిందికి వస్తుందో లేదో దరఖాస్తుకు ముందే రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి, నోటిమాట మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ఉప్పుటేరు

అందరి మాటలూ కాగితం మీద పెట్టాను. తప్పులు పట్టండి.

మూడు నెలలు అందరూ తాతగారి పుస్తకం రాయాలి. పుస్తకం రాయని ఫ్యాక్టరీకి ఆడిట్ లేదు. తర్వాత ముగ్గురు ఆడిటర్లను ఒకే ఫీజుకు తీసుకుని చీటీలు వేస్తాం, డబ్బు సంఘం నిధి నుంచి. ఫీజులో 40 శాతం రిపోర్టుకు. 30 శాతం యజమాని, ఆపరేటర్, ఆడిటర్ ముగ్గురూ కూర్చుని 'ఇవి చేస్తాం, ఇవి చేయం, కారణం ఇది' అని సంతకం పెట్టిన రోజున. మిగతా 30 శాతం ఆరు నెలల తర్వాత ఆడిటర్ మళ్లీ వచ్చి కొలిచినప్పుడు. మూడు ఫ్యాక్టరీల్లో చెప్పకుండా వేరొక ఆడిటర్ మళ్లీ కొలుస్తాడు. యజమాని ముందు కట్టిన డిపాజిట్‌లో సగం, ఒప్పుకున్న పనుల్లో రూపాయి ఖర్చు లేనివన్నీ చేస్తేనే వెనక్కి.

ఆఖరి 30 శాతాన్ని ఆదా అయిన యూనిట్లను బట్టి కడదామని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

అడ్డుపుల్ల

వద్దు. ఆదాకు కడితే ఆడిటర్ మొదటి కొలత ఎక్కువ చేసి చూపిస్తాడు. మళ్లీ వచ్చి కొలిచినందుకు కట్టండి, కొలత ఎంత వచ్చినా సరే.

క్లాంప్ మీటరు

నా మీద అనుమానం పడ్డారని కోపం రావాలి గానీ, ఆయన చెప్పింది సరైనదే. పైగా ఆదాకు కడితే నేను మీకు దీపాలూ ఫ్యాన్లూ మాత్రమే చెబుతాను, కచ్చితంగా వచ్చేవి కదా. కండెన్సర్ లాంటి కష్టమైనది చెప్పను.

రాత్రి షిఫ్టు

ఆపరేటర్‌కు ఏమైనా ఉందా ఇందులో? టన్నుకు యూనిట్లు తగ్గితే అందులో కొంత మాకు ఇవ్వమని కాదు గానీ, అడుగుతున్నాను.

అమ్మోనియా తాత

ఇవ్వమనే అడగవయ్యా. సిగ్గు దేనికి? అడగకపోతే అమ్మయినా పెట్టదు.

ఉప్పుటేరు

పెడతాను. మా ఫ్యాక్టరీ వరకు హామీ, మిగతావారిని ఒప్పించడానికి ప్రయత్నిస్తాను.

హాంబర్గ్ వాన

ఒక చిన్న ఆలోచన. డబ్బాల నుంచి ఐసు విడిపించే తొట్టిలో నీరు చల్లబడి ఉంటుంది కదా. ఆ నీటినే మళ్లీ డబ్బాల్లో పోస్తే 30 డిగ్రీలకు బదులు 22తో మొదలవుతుంది. ఏడు శాతం శ్రమ తగ్గుతుంది.

అమ్మోనియా తాత

లెక్క సరే, పని తప్పు. డబ్బా పక్కలకు అంటుకున్న ఉప్పునీరంతా ఆ తొట్టిలోనే కదా కడుగుతారు. ఆ నీటితో ఐసు చేస్తే ఉప్పగా ఉంటుంది, సరిగ్గా గట్టిపడదు. చేపకు తగిలే ఐసు తాగే నీటితోనే చేయాలి. ఆ తొట్టిలోంచి ఒక గొట్టం చుట్ట పోనిచ్చి, అందులో మంచినీరు పారించు. చల్లదనం వస్తుంది, ఉప్పు రాదు.

హాంబర్గ్ వాన

ఓడిపోయాను తాతగారూ. ఇక్కడ కూర్చుంటే ఉప్పు గుర్తుకు రాదు.

ఉప్పుటేరు (మూడు నెలల తర్వాత)

మర్చిపోయానని అనుకోకండి. 22 మందిలో పుస్తకం పూర్తిగా రాసినవాళ్లు 14 మంది. ఐదుగురు మొదటి నెలతో ఆపేశారు. ముగ్గురు అసలు ముట్టుకోలేదు. ఆ ముగ్గురే సమావేశంలో బిల్లు గురించి అందరికంటే గట్టిగా మాట్లాడేవారు, అది వేరే విషయం. చీటీలు వచ్చే ఆదివారం వేస్తున్నాం, 14 ఫ్యాక్టరీలకే.

మా ఫ్యాక్టరీ టన్నుకు 79 యూనిట్లు తేలింది. మాస్టారి గోడ అంకె రాసి పెట్టాను, నాన్నగారు రోజూ చూసి మొహం తిప్పుకుంటున్నారు. ఒప్పంద డిమాండు 130 కేవీఏ నుంచి 105కు తగ్గించమని దరఖాస్తు పెట్టాను. హైడ్రోమీటరు కొన్నాను, పాతది మూలన పగిలి దొరికింది, తాతగారు చెప్పినట్టే. బ్రైన్ బాగా పలచబడి ఉంది. మూడు రోజులు ఉప్పు పోశాం, కాయిల్ మీద గడ్డ కరగడం మొదలైంది.

మొన్న తాతగారి పద్ధతిలో కంప్రెసర్ ఆపి గేజీ చూశాం. నీరు 33 డిగ్రీలు, గేజీ 200 దగ్గర నిలబడింది. తాతగారూ, ఇది అంతా గాలేనా, లేక మా గేజీనే తప్పు చూపిస్తోందా? గాలి తీయడానికి తెలిసిన మనిషి మన ప్రాంతంలో ఎవరైనా ఉంటే నాకు విడిగా సందేశం పెట్టండి.

అమ్మోనియా తాత

ముందు గేజీ మార్చి చూడు. రెండో గేజీ కూడా 200 చూపిస్తే అప్పుడు నాకు ఫోను చెయ్యి. మా మేనల్లుణ్ణి తీసుకుని నేనే వస్తాను. మాస్కులు రెండు సిద్ధంగా ఉంచు.